మిగిలిన గంటలు ఎవరివి?

ఆ మధ్య జనగామలో కొద్దిమంది రచయితలం ఒకచోట కూర్చొని కథలు చదువుకున్నాం. ఒక యువ మిత్రుడు తన కొత్త కథ వినిపించాడు. అందులో ఒక బీద చేతివృత్తి మనిషి ఏళ్ల తరబడి ఒంటరిగా శ్రమించి ఒక యంత్రం తయారుచేస్తాడు. మొదట ఊరు నవ్వుతుంది. చివరకు యంత్రం నడుస్తుంది, ఊరు చప్పట్లు కొడుతుంది, కథ ముగుస్తుంది. చర్చ మొదలుకాగానే రెండు పక్షాలు ఏర్పడ్డాయి. శ్రామికుడి మేధస్సును గుర్తించిన అభ్యుదయ కథ ఇది అన్నది ఒక పక్షం. ఇది ఆదివారం అనుబంధాల్లో వచ్చే విజయగాథ మాత్రమే, రేపు ఆ యంత్రమే పదిమంది పొట్ట కొడుతుందన్న సంగతి రచయితకు పట్టలేదు అన్నది రెండో పక్షం. నన్ను అభిప్రాయం అడిగారు. ఏ పక్షమూ నాకు సరిగా తోచలేదు. ఎందుకు తోచలేదో ఆ రోజు చెప్పలేకపోయాను. ఆ జవాబు కోసమే ఈ వ్యాసం.

ఇది ఒక్క కథకు సంబంధించిన ప్రశ్న కాదు. "ఇన్నోవేషన్" అన్న మాట ఇవాళ ప్రభుత్వ ప్రకటనల్లోంచి పల్లెటూరి బడిదాకా వచ్చింది. మా బడిలో పిల్లల చేత కూడా నమూనాలు చేయించి పోటీలకు పంపుతున్నాం. కొత్త ఊహ ఉన్నవాడు ముందుకొస్తాడు, వాడి వెంట వ్యాపారం వస్తుంది, వ్యాపారం వెంట దేశాభివృద్ధి వస్తుంది - ఇదీ మనకు చెబుతున్న వరస. మన కథకుల్లో చాలామంది తెలియకుండానే ఈ వరసను కథానిర్మాణంగా తీసుకున్నారు. కష్టం, అవమానం, ఆవిష్కరణ, గౌరవం. కనుక ఈ వరస ఎక్కడినుంచి వచ్చిందో, ఎంతవరకు నిజమో విమర్శకులు తేల్చుకోవలసి ఉంది.

దీనికి సిద్ధాంత రూపం ఇచ్చినవాడు ఆనాటి ఆస్ట్రియా-హంగరీలో పుట్టిన ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్. ఆర్థికాభివృద్ధి మీద 1911లో జర్మన్ భాషలో వెలువరించిన గ్రంథంలో అతను ఆవిష్కరణ వేరు, నవకల్పన వేరు అన్నాడు. కొత్త సంగతి కనుక్కోవడం ఆవిష్కరణ. దాన్ని ఉత్పత్తిలోకి, సంతలోకి దింపడం నవకల్పన. కొత్త సరుకు, కొత్త ఉత్పత్తి పద్ధతి, కొత్త మార్కెట్టు, కొత్త ముడిసరుకు వనరు, కొత్త వ్యాపార నిర్మాణం - ఈ ఐదింటిలో ఏదో ఒకదాన్ని దింపిన వ్యాపారికి కొంతకాలం పెద్ద లాభం వస్తుంది. తక్కినవాళ్లు అనుకరించగానే ఆ లాభం కరిగిపోతుంది. మళ్లీ కొత్తది కావాలి. పాతదాన్ని కూలగొడుతూ కొత్తదాన్ని నిలబెట్టే ఈ క్రమానికి 1942 నాటి పుస్తకంలో అతను "సృజనాత్మక విధ్వంసం" అన్న మాటను వాడాడు. పెట్టుబడిదారీ విధానం నిలకడగా ఒకచోట ఆగదని చెప్పడంలో తాను మార్క్సుకు రుణపడ్డానన్న సంగతిని షుంపీటర్ దాచుకోలేదు.

మార్క్స్ ఇదే క్రమాన్ని 1867లో "పెట్టుబడి" మొదటి సంపుటంలో మరోవైపునుంచి చూశాడు. కొత్త యంత్రం మొదట తెచ్చినవాడికి అదనపు లాభం వస్తుందనీ, అది అందరికీ చేరగానే ఆ లాభం పోతుందనీ అతనూ చెప్పాడు. అయితే అక్కడ ఆగలేదు. యంత్రాల అధ్యాయం ఎత్తుకోవడంలోనే జాన్ స్టువర్ట్ మిల్ సందేహాన్ని ముందుంచాడు. ఇన్ని యంత్రాలు వచ్చాయి గదా, ఏ ఒక్క మనిషికైనా రోజువారీ శ్రమ తగ్గిందా అన్నది ఆ సందేహం. శ్రమ తగ్గించడం పెట్టుబడి చేతిలోని యంత్రం లక్ష్యమే కాదన్నది మార్క్స్ జవాబు. సరుకును చౌక చేయడం, కార్మికుడు తనకోసం పనిచేసే భాగాన్ని కుదించి యజమానికోసం పనిచేసే భాగాన్ని పెంచడం దాని లక్ష్యం. అంటే యంత్రం మిగిల్చిన గంటలు ఎవరి ఖాతాలో పడుతున్నాయన్నదే అసలు ప్రశ్న. షుంపీటర్ నవకల్పన చేసినవాణ్ణి చూశాడు. మార్క్స్ ఆ గంటలను లెక్కపెట్టాడు. మన కథలు మొదటివాడి వెంటే పోతున్నాయి.

ఈ మాట జనగామ ప్రాంతంలో కూర్చొని చెబుతున్నాను గనుక ముందుగా ఇక్కడి గతంలోకి పోవాలి. 1940ల నాటి జనగామ తాలూకాలో చేతిపనివాళ్లకు తెలివి లేకనా కొత్త పనిముట్లు పుట్టలేదు? పెంబర్తి విశ్వకర్మలు ఇత్తడి రేకు మీద ఆకులూ తీగలూ లేపగలిగిన మనుషులు. లోపించింది తెలివి కాదు. విసునూరు దేశ్‌ముఖ్ ఏలుబడిలో మాదిగ చెప్పులు, కుమ్మరి కుండలు, సాలె గుడ్డలు వెట్టి కింద గడికి పోవలసిందే. రెండు జతలు కుట్టేవాడు నాలుగు జతలు కుట్టగలిగితే గడికి పోయే జతలు పెరుగుతాయి. అలాంటిచోట కొత్త పనిముట్టు కనిపెట్టడం కొత్త బరువును నెత్తికెత్తుకోవడమే. మానుకోట తాలూకా చిన్నగూడూరులో పుట్టిన దాశరథి రంగాచార్య "చిల్లర దేవుళ్లు" నవలలో ఆ గడి లోకాన్ని చూపించాడు. ఆ నవలను మనం భూస్వామ్య దౌర్జన్య చిత్రణగా చదువుతూ వచ్చాం. అది సరైన చదువే. దాన్ని ఇంకొకవిధంగా కూడా చదవవచ్చునని నా అభిప్రాయం. మనిషి శ్రమ మీద మనిషికి హక్కులేని వ్యవస్థలో ఉత్పత్తి శక్తులు ఎట్లా గడ్డకట్టుకుపోతాయో ఆ నవల చెప్పకనే చెబుతుంది.

ఆ గడ్డ దానంతట అది కరగలేదు. పాలకుర్తిలో చాకలి అయిలమ్మ తన పంటను గడికి పోనివ్వలేదు. 1946 జూలై 4న కడివెండిలో దొడ్డి కొమురయ్య నేలకొరిగాడు. ఆ పోరాటం వెట్టిని విరగ్గొట్టింది. తర్వాతి కాలంలో ఈ ప్రాంతపు చేతివృత్తి ఇంటి పిల్లవాడు తన ఇంట్లో, తన సమయంలో, తన ఊహతో కుస్తీపట్టగలిగాడంటే దానికి కారణం ఎవరో వ్యాపారవేత్త చూపిన దారి కాదు, రైతుకూలీల తిరుగుబాటు. అభివృద్ధి చరిత్రలు నవకల్పనను మొదటి అధ్యాయంగా రాస్తాయి. ఇక్కడ అది రెండో అధ్యాయం.

ఇప్పుడు ఆసు యంత్రం సంగతికి వద్దాం. జనగామకు కూతవేటులోని ఆలేరు మండలం శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం కథ ఇవాళ తెలుగువాళ్లందరికీ తెలుసు. పోచంపల్లి పద్ధతి చీరకు రంగులద్దే ముందు పేక నూలును అర్ధచంద్రాకారపు చట్రం మీది మొలల చుట్టూ తిప్పాలి. అదే ఆసు పోయడం. ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ ఆడాలి, ఐదారు గంటలు పడుతుంది. అది ఇంటి ఆడవాళ్ల పని. తల్లి లక్ష్మమ్మ భుజం పడిపోవడం చూసి, ఆరో తరగతితో చదువు ఆగిపోయిన ఆ యువకుడు 1992లో మొదలుపెట్టి 1999 నాటికి యంత్రాన్ని పూర్తిచేశాడు. ఐదారు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో రాజ్ రాచకొండ దర్శకత్వంలో "మల్లేశం" సినిమా వచ్చింది. మన కథకుడు పెద్దింటి అశోక్‌కుమార్ దానికి మాటలు రాశాడు.

ఆ సినిమా మీద నాకు గౌరవం ఉంది. తెలంగాణ నేత ఇంటిని, మగ్గం గుంటను, అప్పును, ఆడవాళ్ల రెక్కల నొప్పిని అంత నిజాయితీగా తెరమీద చూపిన సినిమాలు మనకు తక్కువ. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది. ఇక్కడ నవకల్పనకు ప్రేరణ లాభం కాదు. షుంపీటర్ లెక్కలో బ్యాంకు రుణం లేనిదే వ్యాపారవేత్త లేడు, లాభం ఆశ లేనిదే నవకల్పన లేదు. శారాజీపేటలో ఆ రెండూ లేకుండానే యంత్రం పుట్టింది. మిల్ సందేహానికి ఇది ఎదురు ఉదాహరణ. శ్రమ తగ్గించడం కోసమే, అదొక్కటే లక్ష్యంగా, ఒక కొడుకు చేసిన యంత్రం ఇది. లాభం లేకపోతే మనిషి కొత్తది చేయడని వాదించేవాళ్లకు చెప్పడానికి మన దగ్గర ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

అయితే సినిమా యంత్రం నడవడంతో తన పని అయిపోయిందనుకుంటుంది. నా ఫిర్యాదు అక్కడే. యంత్రం తిరిగిన మర్నాటి నుంచి అది ఒక తల్లి కోసం ఒక కొడుకు చేసిన వస్తువు మాత్రమే కాదు. నూలు ఇచ్చేవాడు, చీర తీసుకునేవాడు, రేటు కట్టేవాడు ఉన్న సంతలోకి అది అడుగుపెట్టింది. ఆ సంతలో దాని కథ వేరు.

కొన్నేళ్ల క్రితం నేను జనగామ జిల్లాలోనే నేతగాళ్లున్న ఒక ఊరి బడిలో పనిచేశాను. ఒక ఆడపిల్ల ఉదయం గంట దాటాకే బడికి వచ్చేది. కారణం కనుక్కుందామని ఇంటికి పోయాను. వాళ్లింట్లో ఆసు యంత్రం ఉంది. దాన్ని చూసి, ఇక మీకు సుఖమే గదమ్మా అన్నాను. ఆ తల్లి చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "రెక్కల నొప్పులు తగ్గినయి సారూ, అబద్ధమెందుకు చెప్పాలె. కన్నందుకు ఆ పిలగాడు పుణ్యం కట్టుకున్నడు. కని ఆ గంటలు నేను కూసున్ననా? చిటికి కట్టుడు మీద వడ్డ. పొద్దుగాల బిడ్డ కండెలు చుట్టి పోతది. చీరెలు జల్ది దింపుమంటరు. కూలి మాత్రం గదే." కొంచెం ఆగి మరొక మాట కూడా చెప్పింది. మగ్గం లేని ముసలామె ఒకామె వాళ్లకు ఆసు పోసి నాలుగు పైసలు తీసుకునేదట. ఇప్పుడు ఆమె బీడీలు చేస్తున్నదట.

ఈ జవాబులో యంత్రాన్ని తిట్టిన మాట ఒక్కటీ లేదు. చేసినవాడి మీద దీవెన ఉంది. దానితోపాటు లెక్క ఉంది. ఆసు ఇంటి ఆడవాళ్లు ఊరికే చేసే పని గనుక చీర కూలిలో దానికి విడిగా రేటు ఎన్నడూ లేదు. రేటు లేని పనిలో గంటలు మిగిలితే, ఆ గంటలకూ రేటు లేదు. అవి మరో పనిలోకి జారిపోయాయి. చీరలు త్వరగా దిగాయి, ఆ త్వరకు ధర చీర అమ్మేవాడి దగ్గర ఆగింది. ఈలోగా ఇంకొక నవకల్పన మరోవైపునుంచి వచ్చింది. పోచంపల్లి నమూనాలను మరమగ్గాల మీద, అచ్చు గుడ్డల మీద దించి చౌకగా అమ్ముతున్నారు. చేనేతకు కొన్ని రకాలను కేటాయిస్తూ 1985లో చట్టం వచ్చింది, పోచంపల్లి ఇకత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా నకిలీ ఆగలేదు. ఒక నవకల్పన తల్లి భుజాన్ని కాపాడితే, మరొక నవకల్పన ఆమె చీర ధరను కిందికి లాగింది. ఈ రెండూ కలిసిన చోటే కథ ఉంది. దాన్ని ఇంకా ఎవరూ రాయలేదనే నేను అనుకుంటున్నాను.

జనగామనుంచి మానుకోట వైపు పోతే నవకల్పన ఇంకో రూపంలో ఎదురవుతుంది. ఇక్కడ అది మగ్గం పక్కన పుట్టలేదు, పొట్లంలో వచ్చింది. 1997-98లో ఉమ్మడి వరంగల్ జిల్లా పత్తి చేలను పురుగు తిని, మందులకు లొంగక, అప్పులపాలైన రైతులు అవే పురుగుమందులు తాగి చనిపోయారు. ఆ దుఃఖం మీద మన కవులూ కథకులూ విరివిగా రాశారు. 2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. కాయతొలుచు పురుగును చంపే గుణం గింజలోనే ఉంది. మొదటి ఏళ్లలో మందు కొట్టుడు తగ్గిందన్నది నిజం. కాని ఇది సంకర విత్తనం, పండిన పంటలోంచి రైతు గింజ దాచుకుంటే మరుసటి ఏడు అదే దిగుబడి రాదు. ప్రతి ఏడూ కొనాలి. 450 గ్రాముల పొట్లం 1,600 రూపాయల పైచిలుకు పలికిన రోజుల్లో అందులో వెయ్యికి పైగా జన్యువు మీది రుసుమే. 2006లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తవ్యాపార నియంత్రణ కమిషన్ ముందుకు పోయి కొట్లాడిన తరువాత ధర 750కి దిగింది. ఒక్క ఉత్తర్వుతో సగానికి పైగా తగ్గగలిగిన ధరలో విత్తనం ఖర్చెంత, గుత్తాధిపత్యం ఎంత? తరువాతి కాలంలో గులాబీరంగు పురుగు ఆ గుణానికి అలవాటుపడింది, మందు పిచికారీ మళ్లీ మొదలైంది.

ఇక్కడ నవకల్పన రెండు ముక్కలు. గింజలో జన్యువు పెట్టడం ఒకటి, అది విజ్ఞానం. రైతు ఏటేటా వచ్చి చెయ్యి చాపేటట్లు ధరనూ హక్కునూ అమర్చడం రెండోది, అది వ్యాపారం. అభివృద్ధి వాదులు ఈ రెండింటినీ ఒకే మాట కింద కలిపేస్తారు. మన పత్తి కథలూ అదే పొరపాటు వేరే దిక్కునుంచి చేశాయి. వాటిలో విలన్లు పురుగు, వాన, వడ్డీ వ్యాపారి. ఊళ్లోని అప్పులవాణ్ణి మనవాళ్లు వెంటనే గుర్తుపట్టారు, వాడి మొహం ఎరుకే. పొట్లం మీది ధరలో దాక్కున్న రుసుముకు మొహం లేదు, అందుకని కథలోకి రాలేదు. మొహంలేని శత్రువుకు మొహం గీయడమే వాస్తవికవాద రచయిత పని గదా!

భూపాలపల్లికి పోతే లెక్క మరింత బాహాటంగా కనిపిస్తుంది. ఇక్కడ యజమాని ప్రైవేటు పెట్టుబడిదారు కాదు. సింగరేణిలో 51 శాతం రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అయినా సూత్రం మారలేదు. ఒకప్పుడు కోల్‌ఫిల్లర్లు తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపేవాళ్లు. వాళ్ల స్థానంలో ఎస్‌డీఎల్ యంత్రాలు దిగాయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. 1990ల తొలినాళ్లలో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఏడాదికి సుమారు రెండు కోట్ల టన్నుల బొగ్గు తీశారు. 2023-24లో ఏడు కోట్ల టన్నులు వచ్చాయి. పర్మినెంటు కార్మికులు నలభై వేల దరిదాపుల్లో మిగిలారు. కాగితం మీద తలసరి ఉత్పత్తి సుమారు పదిరెట్లు. ఆ కాగితంలో లెక్కకు రానివాళ్లు మట్టి తీసే కాంట్రాక్టు కార్మికులు. వాళ్లను కలిపితే ఆ పదిరెట్లు అంత గొప్పగా ఉండదు. నవకల్పన అంటే షుంపీటర్ జాబితాలో కొత్త యంత్రం ఒక్కటే కాదు, కొత్త వ్యాపార నిర్మాణం కూడా ఉందని గుర్తుచేసుకుందాం. పర్మినెంటు పనిని కాంట్రాక్టుగా మార్చడం కూడా ఆ లెక్కలో నవకల్పనే. దానికి ఏ పద్మశ్రీలూ ఇవ్వరు గాని, లాభాల్లో దాని వాటా చిన్నది కాదు.

తట్టా చెమ్మస్ పని మళ్లీ రావాలని ఎవరూ కోరరు. బాయిలో నడుములు విరిగిన మనుషులను చూసినవాళ్లెవరూ కోరలేరు. అల్లం రాజయ్య మొదలైనవాళ్లు సింగరేణి కార్మికుడి పోరాటాన్ని తెలుగు కథలోకి తెచ్చి పెట్టారు. ఆ కథల్లోని కార్మికుడు పర్మినెంటు కార్మికుడు, యూనియను ఉన్నవాడు, సమ్మె చేయగలిగినవాడు. అతని కొడుకు ఇవాళ టిప్పరు నడుపుతున్న కాంట్రాక్టు మనిషి. తండ్రికున్నదేదీ అతనికి లేదు. ఈ రెండో తరం మనిషి మన కథలో చాలినంతగా లేడు.

ఇక ఆక్షేపణల సంగతి. రచయితను ఆర్థికశాస్త్రం రాయమంటున్నావా అని అడగవచ్చు. లేదు. పైన చెప్పిన తల్లి ఆర్థికశాస్త్రం మాట్లాడలేదు. తన రోజు గురించి మాట్లాడింది. ఆమె రోజును పొద్దుటినుంచి రాత్రిదాకా ఉన్నదున్నట్టు రాస్తే అందులోనే అంతా ఉంది. రెండో ఆక్షేపణ, పెట్టుబడిదారీ నవకల్పన వల్లనే ప్రపంచంలో సంపద పెరగలేదా అన్నది. పెరిగింది. బూర్జువా వర్గం ఉత్పత్తి సాధనాలను ఎప్పటికప్పుడు తిరగదోడకుండా బతకలేదని ముందుగా గుర్తించినవాళ్లు మార్క్స్ ఎంగెల్సులే. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనం జంకవలసిన పని లేదు. జంకినందువల్లనే మనలో కొందరు యంత్రం కనబడగానే శోకగీతం ఎత్తుకుంటున్నారు. పోయిన కులవృత్తి మీద కన్నీరు కార్చే కవిత్వం కొంత ముదిరి, ఆ వృత్తిలోని చాకిరీని, అందులో కులం వేసిన కట్టును మరచిపోయేదాకా వచ్చింది. యంత్రం వేరు, పెట్టుబడి దాన్ని వాడుకునే తీరు వేరు. ఈ తేడా పట్టుకోలేకపోతే విజయగాథ రాసేవాడికీ శోకగీతం రాసేవాడికీ భేదం లేదు. ఇద్దరూ యంత్రాన్నే చూస్తున్నారు.

ఇప్పుడు ఆ యువ మిత్రుడికి నా జవాబు చెప్పగలను. నీ కథలో తప్పు యంత్రాన్ని మెచ్చుకోవడం కాదు. ఊరు చప్పట్లు కొట్టినచోట ఆగిపోవడం తప్పు. చప్పట్లు అయిపోయాక అందరూ ఇళ్లకు పోతారు. మర్నాడు పొద్దున యంత్రం మళ్లీ నడుస్తుంది. ఇదివరకు మధ్యాహ్నందాకా పట్టిన పని రెండో గంటలోపే అయిపోతుంది. ఆ ఇంటి ఆడమనిషి చేతులు తుడుచుకొని ఒక్క క్షణం ఏం చేయాలో తోచక నిలబడుతుంది. అప్పుడు గుమ్మంలోకి ఎవరు వస్తారు, ఏ పని తెస్తారు, ఏ రేటు చెబుతారు? ఆ గంటల్లో ఆమె కూతురు బడికి వేళకు వస్తుందా? మగ్గంలేని ముసలామె ఎటు పోతుంది? కథను అక్కడినుంచి మొదలుపెట్టు. ఇంతదాకా రాసింది వృథా పోదు, దాన్ని మొదటి పేజీలో రెండు పేరాలు చేసుకో. వచ్చే సమావేశంలో తక్కినది చదువు, వింటాం.